సవానా వార్డు నమూనా: 40 ఇళ్ల స్థలాలు పట్టకపోవడానికి కారణం

అమెరికాలోని జార్జియాలో ఉన్న సవానా నగరపు వార్డు (నడుమ చౌకు, దాని చుట్టూ స్థలాలు ఉండే పేట) నమూనా చేస్తుంటే 40 ఇళ్ల స్థలాలు పట్టడం లేదన్నారు. మీరు జాన్సన్ స్క్వేర్ అనే ఆ చౌకు చుట్టూ నాలుగు వైపులా ఇళ్లు పేర్చారు కదా, తేడా అక్కడే వస్తోంది. 1733లో నగర స్థాపకుడు ఓగిల్‌థార్ప్ వేసిన ప్లానులో ఇళ్లు ఉత్తర, దక్షిణాలకే. ఒక్కో వైపు రెండు టైథింగులు, అంటే పదేసి ఇళ్ల స్థలాల బ్లాకులు. ఒక్కోదానిలో 60×90 అడుగుల స్థలాలు పది, అయిదేసి చొప్పున రెండు వరుసలు, మధ్యలో 22.5 అడుగుల సందు. తూర్పు, పడమరల్లో 60×180 అడుగుల ట్రస్టు స్థలాలు రెండేసి, అవి చర్చి వంటి ప్రజా భవనాలకు. టైథింగుల మధ్య వీధి 75 అడుగులు. కొలతలు సరిచూడండి: అయిదు స్థలాల వరుస 5×60 = 300 అడుగులు, కాబట్టి వార్డు వెడల్పు 300+75+300, మొత్తం 675 అడుగులు. అంగుళానికి 50 అడుగుల స్కేలులో 13.5 అంగుళాల అట్ట చాలు. ఆ చౌకులో ఇప్పుడున్న జనరల్ గ్రీన్ స్మారక స్తంభం మాత్రం పెట్టకండి, అది 19వ శతాబ్దానిది.