ఎర్రమట్టి దిబ్బల్లో ఆదిమానవుడి ఎముకలు దొరుకుతాయా?

ప్రశ్న: మా పాప ఎర్రమట్టి దిబ్బలు చూసొచ్చి అక్కడ తవ్వితే ఆదిమానవుల ఎముకలు దొరుకుతాయా అంటోంది, అసలు నాలుగు ఎముకలు చూసి వాళ్లు రెండు కాళ్ల మీద నడిచారని ఎలా చెప్తారండీ?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పాపకి మంచి డౌటే వచ్చింది (తవ్వడం మాత్రం వద్దండోయ్, అది రక్షిత ప్రాంతం). ఆ దిబ్బల్లో రాతి పనిముట్లు దొరికాయి గానీ ఆదిమానవుడి ఎముకలంటే మన దేశం మొత్తమ్మీదే అరుదు, 1982లో మధ్యప్రదేశ్‌లో నర్మద దగ్గర హథ్నోరాలో దొరికిన పుర్రె భాగమే బాగా పేరున్నది.

ఇక నడక సంగతికొస్తే, 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీని (ఓ ఆదిమానవ జాతి స్త్రీ అస్థిపంజరానికి పెట్టిన పేరిది) చూడండి, సుమారు 32 లక్షల ఏళ్ల నాటిది, అస్థిపంజరంలో 40 శాతం దాకా దొరికింది, ఆ జాతి మెదడు చింపాంజీ మెదడు కంటే కాస్తే పెద్దది, కానీ కటి ఎముక మాత్రం మన లాగే పొట్టిగా వెడల్పుగా ఉంది, తొడ ఎముక మోకాలి దగ్గరకొచ్చేసరికి లోపలికి వాలింది, ఆ వాలు వల్లే అడుగు సరిగ్గా ఒంటి కిందకి పడుతుంది, చింపాంజీకి ఆ వాలు లేదు కాబట్టే రెండు కాళ్ల మీద నడిస్తే అటూ ఇటూ ఊగిపోతుంది. అంటే బుర్ర పెరక్కముందే నడక వచ్చేసిందన్నమాట, నాకైతే అన్నిటికంటే ఇదే ఆశ్చర్యం!

ఎముకలు చాలవంటారా, టాంజానియాలోని లేటోలిలో అగ్నిపర్వత బూడిదలో పడి గట్టిపడిన పాదముద్రలే ఉన్నాయి, 36 లక్షల ఏళ్లు దాటినవి. ఇలాంటి చోట్ల వయసు ఎక్కువగా ఆ బూడిదలో కాలం గడిచేకొద్దీ పేరుకునే ఆర్గాన్ వాయువును కొలిచే తేలుస్తారు.