కిమ్ చప్పట్లు కొట్టిన పాట వింటే శిక్షా?

ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయికి ఎప్పుడు చూసినా కొరియా పాటలే. ఉత్తర కొరియా కిమ్ కూడా ఆ పాటలకు చప్పట్లు కొట్టాడంటుంది. అక్కడ అవి వింటే శిక్ష అని నేను చదివాను. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండూ నిజమేనమ్మా. 2018 ఏప్రిల్ 1న దక్షిణ కొరియా గాయకులు ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లి పాడారు. వాళ్లలో మీ అమ్మాయికి తెలిసే ఉండే రెడ్ వెల్వెట్ బృందం కూడా ఉంది. కిమ్ జోంగ్ ఉన్ ఇంకో రోజు రావాల్సింది, పనులు మార్చుకుని ఆ రోజే భార్య రి సోల్ జుతో వచ్చి, పాటలు విని, గాయకులందరితో ఫొటో దిగాడు. ఆవిడా పెళ్లికి ముందు గాయనే.

కిమ్ అధికారంలోకి వచ్చిన ఏడు నెలలకే, 2012 జూలైలో, మోరన్‌బాంగ్ అనే అమ్మాయిల బ్యాండ్‌ని వేదిక ఎక్కించాడు. పొట్టి గౌన్లు, ఎలక్ట్రిక్ గిటార్లు, అమెరికా సినిమా సంగీతం, మిక్కీ మౌస్ వేషం కూడా! స్విట్జర్లాండ్‌లో చదువుకున్న కుర్రాడు కదా, దేశాన్ని కాస్త వదులు చేస్తాడేమో అని బయట చాలామంది ఆశపడ్డారు.

చేయలేదు. 2020 డిసెంబరులో కొత్త చట్టం తెచ్చాడు. దక్షిణ కొరియా పాటలు, సీరియళ్లు చూసినా విన్నా దగ్గర పెట్టుకున్నా 15 ఏళ్ల దాకా లేబర్ క్యాంపు, పదిమందికీ పంచితే మరణశిక్ష వరకూ వెళ్లొచ్చు. తను ప్రోగ్రామ్ మార్చుకుని మరీ విన్న పాటలే, తన దేశంలో పదహారేళ్ల పిల్ల వింటే నేరం. నాకు ఇది తలుచుకుంటేనే కడుపు మండుతుంది.

ఆయన భయం సంగీతం గురించి కాదు. చైనా సరిహద్దు దాటి మెమరీ కార్డుల్లో వచ్చే ఆ పాటల వెంట దక్షిణ కొరియా జీవితం కూడా వస్తుంది, అక్కడ జనం తిండికి లేక అల్లాడుతున్నారని చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట అబద్ధమని తెలిసిపోతుంది. అందుకే 2016 జనవరిలో ఉత్తర కొరియా అణు పరీక్ష చేస్తే, దక్షిణ కొరియా సరిహద్దులో మళ్లీ లౌడ్‌స్పీకర్లు మోగించింది, వాటిలో వినిపించినవాటిలో ఈ పాప్ పాటలూ ఉన్నాయి.

2023లో ఉత్తర కొరియాలో, దక్షిణ కొరియా మాటతీరు అంటకుండా, భాష మీద కూడా చట్టం వచ్చింది. మీ అమ్మాయి నోట ‘ఒప్పా’ అనే మాట వినే ఉంటారు. ఆడపిల్ల అన్నయ్యను పిలిచే పిలుపు అది, మనవాళ్లు బావా అన్నట్టు ప్రేమించినవాణ్ని కూడా అలాగే పిలుస్తారు. సొంత అన్న కాని కుర్రాణ్ని అలా పిలవకూడదు, ‘కామ్రేడ్’ అనాలి అని ఆ చట్టంలోనే రాశారు.