పాత కీబోర్డు వదలని కుర్రాడు: బీటెక్కా, మ్యూజిక్ ప్రొడక్షనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పాసయ్యాడు. వాళ్ల మేనమామ మెలోడీ పార్టీలో వాడి మానేసిన కీబోర్డు, డ్రమ్ మెషీన్ తెచ్చుకుని, వాటిని ల్యాప్‌టాప్‌కి కలపడమే పనిగా పెట్టుకున్నాడు. మొన్న రాత్రి రెండింటికి నన్ను లేపి, మీట నొక్కితే తెరమీద స్వరం పడుతోందని చూపించాడు. 'దీంతో అన్నం వస్తుందా' అని కసిరాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సు అంటున్నాడు, ఫీజు నాలుగు లక్షలు. నేను బీటెక్ అంటున్నాను. ఏది మంచిది? కీబోర్డు అమ్మేస్తే దారిలో పడతాడా? (కింద మా వాడి ప్రశ్న: డ్రమ్ మెషీన్‌కీ కీబోర్డుకున్నలాంటి అయిదు పిన్నుల సాకెట్టే ఉంది, అయినా కంప్యూటర్‌తో కలవదు. కీబోర్డులో ఒక్కో స్వరం రెండుసార్లు పలుకుతోంది.)

జవాబు: అయ్యా, రాయగడ నుంచి బరంపురం దాకా మన తెలుగు ఇళ్ల నుంచి ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అడిగేది కోర్సు గురించే గానీ, లోపలి భయం వేరు. పిల్లాడు కూడా మేనమామలాగే పెళ్లిళ్ల సీజన్‌లో వాయించి, మిగతా నెలలు చేతులు ముడుచుకుని కూర్చుంటాడేమోనని. ఆ భయం అర్థమవుతుంది. కీబోర్డు అమ్మితే మాత్రం అది తీరదు.

ఆ రాత్రి మీ వాడు చేసిందేమిటో వినండి. కీబోర్డు వెనక అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది, మిడి అంటారు. 1983లో వచ్చింది. అందులోంచి శబ్దం పోదు. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం సెకనుకు 31,250 బిట్ల వేగంతో పోతుంది. ఏ కంపెనీ వాయిద్యమైనా మరో కంపెనీదానితో కలిసేలా ఈ పద్ధతి తెచ్చినందుకు సింథసైజర్లు తయారుచేసిన డేవ్ స్మిత్‌కీ, రోలాండ్ వాయిద్యాల కంపెనీ పెట్టిన ఇకుతారో కాకెహాషికీ 2013లో టెక్నికల్ గ్రామీ అవార్డు ఇచ్చారు. కీబోర్డు అవుట్‌లోంచి వచ్చేది కంప్యూటర్ ఇన్‌లోకి పోవాలి, రెండింట్లోనూ చానల్ నంబరు కుదరాలి, సాఫ్ట్‌వేర్‌లో సరైన పోర్టు (సమాచారం వచ్చే దారి) ఎంచుకోవాలి. ఒక్కచోట తప్పినా ఏమీ పలకదు. ఎక్కడ తప్పిందో ఒక్కొక్కటీ మార్చి చూసి పట్టుకోవాలి. ఇంజినీరింగ్ అంటే అదేనండీ. అది తనంతట తాను నేర్చుకున్నాడు, ముందుగా మీకే చూపించాలనుకున్నాడు. మీరు ఆ మాట అని ఉండాల్సింది కాదు. ఇంకో రెండుసార్లు అలా కసిరితే ఇక మీ దగ్గరికేమీ తీసుకురాడు.

అలాగని హైదరాబాద్ కోర్సుకి నేను ఓటు వెయ్యను. ఈమధ్య ప్రతి ఊళ్లోనూ ఈ మోజు చూస్తున్నాను, నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. బ్రోషర్‌లో అద్దాల స్టూడియో, పెద్ద మిక్సర్ ఉంటాయి. ఆ మిక్సర్ ఒక్కో విద్యార్థి చేతికి వారానికి ఎన్ని గంటలు వస్తుందో అడగండి. కిందటేడు పాసైనవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో అడిగి, వాళ్లలో ఇద్దరితో మాట్లాడించమనండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. అక్కడ నేర్పే సాఫ్ట్‌వేర్ పని చాలావరకు ఇంట్లోనే నేర్చుకోవచ్చు, పాటలు కట్టే ఎల్ఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఈ రంగంలో సర్టిఫికెట్ చూసి పని ఇచ్చేవాళ్లు అరుదు, చేసిన పని విని ఇస్తారు. పద్దెనిమిదేళ్ల వాడి నెత్తిన నాలుగు లక్షల అప్పు పెడితే నేర్చుకునే ఓపిక ముందే చచ్చిపోతుంది.

పోల్చి చెప్పమన్నారు గనక: నా సలహా ఎలక్ట్రానిక్స్. బీటెక్ అయినా సరే, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయినా సరే. పక్కింటి వాళ్లబ్బాయి తీసుకున్నాడని కంప్యూటర్ సైన్స్‌కే పట్టుబట్టకండి. శబ్దమే కావాలంటే కటక్‌లో బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ప్రభుత్వ సంస్థ, సౌండ్‌లో డిప్లొమా ఇస్తారు. పుణెలోని కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సుకి డిగ్రీతోపాటు ప్లస్ టూలో ఫిజిక్స్ ఉండాలి. ఫిజిక్స్ మీ వాడికి ఉండనే ఉంది. డిగ్రీ పూర్తయ్యాక కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది, కంగారు పడకండి. వాయించేవాడికి సీజన్ ఉంటుందేమో గానీ, గుడిలో, చర్చిలో, ఫంక్షన్ హాల్లో మైకు, మిక్సర్ సరిచేసేవాడికి ఊళ్లోనే పని దొరుకుతుంది.

బాబూ, ఇది నీకు. డ్రమ్ మెషీన్ సాకెట్ పక్కన ఏం రాసుందో చూడు. సింక్ అని ఉంటే అది మిడి కాదు. మిడి రాకముందు రోలాండ్ వాళ్లు అదే అయిదు పిన్నుల సాకెట్‌ని తాళం కలపడానికి వాడేవారు, 1980 నాటి వాళ్ల డ్రమ్ మెషీన్ టీఆర్-808లో ఉన్నది అదే. మిడి క్లాక్‌ని (తాళం వేగం చెప్పే సంకేతం) సింక్‌గా మార్చే చిన్న పెట్టె మధ్యలో పెట్టాలి. మిడి అనే ఉంటే, మెషీన్ సెట్టింగ్‌లో క్లాక్‌ని ఇంటర్నల్ నుంచి ఎక్స్‌టర్నల్‌కి మార్చు, సాఫ్ట్‌వేర్ నుంచి క్లాక్ పంపడం ఆన్ చెయ్యి. స్వరం రెండుసార్లు రావడానికి కారణం, కీబోర్డు తానూ పలికి, కంప్యూటర్ తిప్పి పంపినదీ పలకడం. కీబోర్డు సెట్టింగ్‌లో లోకల్ కంట్రోల్ (మీట నొక్కగానే కీబోర్డే పలికే ఏర్పాటు) ఆఫ్ చేస్తే సరిపోతుంది. రికార్డింగ్‌కి కీబోర్డు లైన్ అవుట్‌ని (శబ్దం బయటికొచ్చే సాకెట్) ల్యాప్‌టాప్ మైకు సాకెట్లో పెట్టకు, శబ్దం పగిలిపోతుంది. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పెట్టె) కావాలి. అది నాన్నగారిని అడుగు, ఆ నాలుగు లక్షల ముందు దాని ఖర్చు ఏపాటిది.