పచ్చిమేత కోతకు ఏ బ్లేడు, ఏ యంత్రం?

చిరంజీవి అబ్బాయికి, బాబాయి ఆశీస్సులు.

గడ్డి కోసే యంత్రం కొనేటప్పుడు ఇంజన్ ఎంత పెద్దదో తర్వాత చూడొచ్చు. కాండం ఎంత లావుంది, రోజుకు ఎంత మేత కావాలి, కోశాక మోడు ఎలా మిగులుతుంది, ముందు ఇవి చూసుకో. సూపర్ నేపియర్ గడ్డి ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకునే పంట. మోడు చీలితే నీరు దిగి కుళ్లుతుంది, పిలకలు పలచబడతాయి. అందుకే నా ఓటు నున్నగా తెగే కోతకే.

పాడి గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత అనుకుంటే నీ పది గేదెలకు మూడు క్వింటాళ్లు. కోతకు ఎకరానికి 10 టన్నులు దిగే తోటలో ఆ మేత సుమారు 145 గజాల్లో దొరుకుతుంది. అంత చోటుకు ట్రాక్టర్ సామాను దండగ, భుజాన వేసుకునే బ్రష్ కట్టర్ చాలు.

అసలు తేడా అంతా బ్లేడులోనే ఉంది. కట్టర్‌తోపాటు ఇచ్చే నైలాన్ తాడు గట్ల మీది లేత గడ్డికే. నేపియర్‌ను అది కోయదు, కాండాన్ని చితక్కొడుతుంది. మూడు రెక్కల బ్లేడు లావు కాండాలను కొట్టి చీలుస్తుంది. నేపియర్‌కు గుండ్రటి రంపం బ్లేడు తీసుకో, 10 అంగుళాలది, కార్బైడ్ పళ్లది. లావు కాండాలకు 40 పళ్లది, సన్న కాండం జొన్నకు, లూసర్న్ మేతకు 80 పళ్లది. కొనే ముందు బ్లేడు నడిమి బెజ్జం నీ యంత్రానికి సరిపోతుందో లేదో చూడు. ఎక్కువ యంత్రాలకు 25.4 మి.మీ. ఉంటుంది. కాస్త లూజుగా ఉన్నా బ్లేడు వణికి గేరు పెట్టె బేరింగులు పోతాయి. బ్లేడు నట్టుకు ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక ఎదురు వైపు తిప్పితే ఇంకా బిగిసి మర చెడుతుంది.

కోత కుడి నుంచి ఎడమకు సాగాలి. బ్లేడు కుడివైపు ముందు అంచు గట్టి మోడుకు తగిలితే యంత్రం ఎదురు తన్నుతుంది. కోసిన గడ్డి ఒకే వైపు వాలడానికి బ్లేడు పైనున్న గార్డుకు వంపు రేకు బిగించుకుంటే ఏరుకునే ఆడవాళ్లకు సగం పని తగ్గుతుంది. కోసేటప్పుడు మాత్రం 15 మీటర్ల లోపు ఎవర్నీ ఉంచకు, రాళ్లు ఎగురుతాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బ్లేడు ఆగి ఉండాలి. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తగ్గించు.

మోడు 10–15 సెం.మీ. ఉంచు. మొదటి కోత 75–80 రోజులకు, తర్వాత ప్రతి 45 రోజులకు. ఆలస్యమైతే కాండం ముదిరి బ్లేడూ అరుగుతుంది, గేదెలూ వదిలేస్తాయి. జొన్న విషయంలో తొందర వద్దు. పూత రాకముందు, ముఖ్యంగా నీటి ఎద్దడిలో ఉన్న లేత జొన్నలో విషం ఉంటుంది. కోశాక వచ్చే చిన్న పిలకలూ అంతే.

సైలేజీకి (పాతర మేతకు) మొక్కజొన్న వేస్తే మాత్రం ట్రాక్టర్‌కు తగిలించే ఒక వరస హార్వెస్టర్ అద్దెకు తీసుకో. అది ట్రాక్టర్ వెనక తిరిగే ఇరుసు (పీటీవో) నిమిషానికి 540 చుట్లు తిరిగితే నడుస్తుంది, 45 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్ ఉంటే నయం. గింజలో పాలగీత (పాలకూ గట్టి పిండికీ మధ్య కనిపించే గీత) సగానికి దిగాక కోయించి, ముక్క 1–2 సెం.మీ. ఉండేలా చూడు. పొడుగు ముక్కల మధ్య గాలి మిగిలి బూజు పడుతుంది. ముక్క చివర పీచులు వేలాడుతుంటే కత్తులు మొద్దుబారాయి, లేదా కత్తికీ కింది పట్టీకీ సందు పెరిగింది. అక్కడే ఆపి సరిచేయించు. గొలుసు కత్తుల్లా కొట్టే ఫ్లెయిల్ రకం చవకగా దొరుకుతుంది కానీ మట్టినీ లాగి మేతలో కలుపుతుంది. నేపియర్ తోటలోకి దాన్ని దించవద్దు.

డబ్బు కట్టే ముందు నీ పొలంలోనే ఒక వరస కోయించు. బ్లేడు, నట్టు, వాషర్లు మీ మండల కేంద్రంలోనే దొరుకుతాయా అని అడుగు. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్‌లో ఆయిల్ పాళ్లు కంపెనీ పుస్తకంలోవే వాడు. 25కి 1 అంటే లీటరుకు 40 మి.లీ., 50కి 1 అంటే 20 మి.లీ.

మీ బాబాయి