రైతు సందేహాలు – నిపుణుల సలహాలు: ఎండిన మిరపకాయలకు బూజు ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: సార్, మాది కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర పల్లె. ఎకరన్నరలో బ్యాడిగి మిరప పెట్టినాం. సరుకంతా మార్కెట్‌కు పోయినా, మా ఇంటి కారానికీ కూతుళ్ల ఇళ్లకూ కలిపి ఇరవై కేజీలు పక్కన పెట్టుకుంటాం. పోయినసారి మిద్దె మీద పది దినాలు ఎండబెట్టి రెండు గోనెసంచుల్లో కట్టి పెడితే, ఆషాఢంలో విప్పేసరికి ఒకదాంట్లో ముక్కవాసన, కాయ విరిస్తే లోపల బూడిద రంగు బూజు. రెండో సంచిలో కాయలకు సన్న చిల్లులు, అడుగున పొడి. బూజు కాయలు కొన్ని అట్నే ఉండాయి, కడిగి ఎండబెట్టి కారం పట్టించుకోవచ్చా? ఈసారి సంచిలో గ్యాస్ బిళ్లలు వేసి కట్టమంటున్నారు, వేయొచ్చా?

జవాబు: అన్నా, ముందు గ్యాస్ బిళ్లల సంగతి. వద్దు. ఆ బిళ్లలు గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి, మూసిన గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్లు మాత్రమే వాడాల్సిన మందు అది. పిల్లలు పడుకునే ఇంట్లో ఒక్క బిళ్ల కూడా ఉండకూడదు. ఇరవై కేజీల మిరపకాయల కోసం అంత సాహసం ఎందుకు చెప్పండి.

బూజు పట్టినవి కూడా పారేయండి. కడిగితే పైన కనిపించే బూజు పోతుంది గానీ, అది లోపల వదిలిన విషం పోదు. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్, మీ వైపు వేరుశనగ రైతులకు ఈ పేరు కొత్తేం కాదు, మిరపలోనూ అదే బూజు అదే పని చేస్తుంది. వేయించినా, పోపులో మాడ్చినా అది పూర్తిగా పోదు, రోజూ తింటే దెబ్బ కాలేయం మీద పడుతుంది. మసాలా దినుసుల్లో ఇది కేజీకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ నిబంధన, యూరప్ వాళ్లయితే 10 దాటితేనే సరుకు తిప్పి పంపుతారు. కంటికి కనిపించే మోతాదు కాదు కాబట్టి 'కొంచెమే కదా' అనుకోవద్దు. బర్రెలకూ కోళ్లకూ కూడా వేయొద్దు, గుంట తీసి పూడ్చేయండి.

ఇక అసలు విషయం. మీ బూజుకు కారణం సంచి కాదు, మిద్దె మీదే దానికి బీజం పడింది. కాయలు ఎండాయనుకున్నారు, ఎండలేదు. ముడతలు పడటం బ్యాడిగి గుణమే కాబట్టి పైతోలు చూసి ఎండిందని మోసపోతాం. ఒక కాయ తీసుకుని తొడిమ దగ్గర చీల్చి చూడండి, గింజలు అంటుకుని ఉండే ఆ తెల్లటి గుజ్జు వేలికి మెత్తగా తగిలితే లోపల ఇంకా నీరు ఉన్నట్టే. సంచి కట్టాక ఆ నీరు ఎటూ పోలేక అక్కడే బూజు కడుతుంది. అందుకే పైన ఎర్రగా నిగనిగలాడే కాయ లోపల బూడిద రంగు.

పండు మిరపకాయలో నూటికి 75 వంతుల దాకా నీరే ఉంటుంది. దాచే నాటికి అది 10–11కి రావాలి. అంటే 10 కేజీల పండు కాయలు ఎండాక 2.8 కేజీలకు దగ్గరగా తూగాలి, ఇంకా 3.5 కేజీలు ఉంటే లోపల నాలుగో వంతుకు పైగానే నీరు మిగిలి ఉందన్నమాట. చెట్టు మీదే వడలిన కాయలు కోస్తే ఈ లెక్క మారుతుంది, అందుకని నేను చెప్పే ఉపాయం వేరే: ఒక చేటలో సరిగ్గా కేజీ కాయలు తూచి పోసి మిగతా వాటి పక్కనే ఎండబెట్టండి, రోజూ సాయంత్రం ఆ చేట కాయలు తూచండి, రెండు రోజులు వరుసగా బరువు తగ్గకపోతే ఎండినట్టు. పది దినాలా పదిహేను దినాలా అని పంచాంగం చూసి సంచి కట్టేది కాదు ఇది. చివరగా ఒక పిడికెడు కాయలు గాజు సీసాలో వేసి, మూత బిగించి, గంటసేపు ఎండలో పెట్టండి. సీసా లోపలి గోడకు చెమట పడితే మళ్లీ మిద్దె ఎక్కించాల్సిందే.

కోసిన కాయల్లో సగం పండినవి ఉంటే ఒకటి రెండు రోజులు నీడలో కుప్పగా పెట్టండి, రంగు సమంగా తిరుగుతుంది. ఆ తర్వాత టార్పాలిన్ మీద రెండు మూడు అంగుళాల మందంలో పరచండి, మరీ పలుచగా పరిస్తే మధ్యాహ్నం ఎండకు కాలి తెల్లచారలు పడతాయి. రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేయాలి. తారు రోడ్డు మీద, పేడ అలికిన నేల మీద మాత్రం వద్దు, తినేది మీ పిల్లలే. నల్లమచ్చలు, గుంటపడిన మచ్చలు ఉన్న కాయలు ఈ దశలోనే ఏరేయండి. పొద్దు వాలకముందే కుప్ప చేసి పట్టా కప్పండి. జనవరి మంచు ఒక్క రాత్రి పడినా నాలుగు రోజుల ఎండ వృథా. మబ్బు పట్టిందని పగలంతా కప్పి ఉంచితే మాత్రం కుప్ప వేడెక్కి లోపలే చెమట పడుతుంది, అప్పుడు వసారాలో పలుచగా పరిచి ఫ్యాన్ పెట్టండి.

రెండో సంచిలో చిల్లులు చేసింది సిగరెట్ పెంకు పురుగు కావచ్చు. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమ రంగు పురుగు, తల కిందికి వంచుకుని గూనిగా కనిపిస్తుంది. పొగాకునూ వదలదు, ఘాటైన మిరపనూ వదలదు, మనకంటే గట్టి నాలుక దానిది. గోనెసంచి దానికి అడ్డే కాదు, వానాకాలం తేమను కూడా ఆ సంచి పీల్చుకుంటుంది. తొడిమలు తీయకుండా, కాయలు చల్లారాక, రెండేసి నెలలకు సరిపడా మందమైన పాలిథిన్ కవర్లలో గాలి తీసి కట్టి, ఆ కవర్లను మూత గట్టిగా ఉండే రేకు డబ్బాలో పెట్టండి. డబ్బాను గోడకు దూరంగా, చెక్క మీద, చీకటి గదిలో ఉంచండి, వెలుతురుకు రంగు పాలిపోతుంది. ఎరువుల బస్తాల పక్కన వద్దు. ఇలా విడివిడిగా కడితే ఆషాఢంలో ఒక కవరు విప్పినా మిగతావి తేమ ఎరుగవు.

ఫ్రిజ్ ఉంటే కూతుళ్లకు పంపే కాయలు కవరుతో సహా వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీయగానే విప్పొద్దు, చల్లటి కాయల మీద నీటి బొట్లు కడతాయి. మామూలు వేడికి వచ్చేదాకా ఆగి విప్పండి. కారం పట్టించే రోజున తొడిమలు తీసి ఒక పూట ఎండలో వేయండి. మిషన్ నుంచి వచ్చిన కారం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, దాన్ని అలాగే డబ్బాకెత్తితే మూత కింద చెమట పట్టి గడ్డ కడుతుంది కాబట్టి, ఇంటికి తెచ్చి శుభ్రమైన గుడ్డ మీద పరిచి, పూర్తిగా చల్లారాకే ఎత్తమని ఇంట్లో చెప్పండి.