వాల్యూమ్ మీద వేలు పెట్టేముందు

చిట్టితల్లీ,

నా పాత క్యాసెట్ ప్లేయర్, ఆ వాక్‌మన్, అటక మీంచి దింపావనీ, బాగుచేసి ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాటలు మళ్లీ మొదటి నుంచి వింటానన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పదేళ్లప్పుడు నా పక్కన కూర్చుని విన్న పాటలు నీకింకా గుర్తున్నాయంటే ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే భయమూ వేసింది. అందుకే ఈ ఉత్తరం.

అది 1979లో వచ్చిన మొట్టమొదటి మోడల్. బ్యాటరీల అరలో తెల్లటి పొడి ఉంటే శుభ్రంగా తుడిచాకే కొత్తవి వెయ్యి. లోపలి రబ్బరు బెల్టు ఈపాటికి బంకయిపోయి ఉంటుంది, మార్పించు. టేపుని చదివే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడువు. టేపు వదులైతే పెన్సిల్ పెట్టి తిప్పు. ప్రయాణాలకి డిజిటల్ ప్లేయర్ కొంటానన్నావట, మంచిదే. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు వేసుకుని, పాటల వరస కలిపేసే షఫుల్ ఆపెయ్, పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ పెట్టు. వాళ్ల ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్‌లో చాలాచోట్ల ఒక పాట ఇంకో పాటలోకి జారిపోతుంది. మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక అసలు మాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ గంటన్నర బస్సు. ఇంజన్ పక్క సీటు. ఆ రొదలో గిటార్ వినపడేది కాదు, వాల్యూమ్ పెంచేవాణ్ణి. మర్నాడు ఇంకాస్త. బస్సు దిగితే చెవుల్లో దూది కుక్కినట్టుండేది, పడుకుంటే సన్నగా కీచుమనేది. తెల్లారేసరికి తగ్గిపోయేది. ఆ తగ్గడమే నన్ను మోసం చేసింది. ఏమీ కాలేదనుకుని నాలుగేళ్లు అలాగే విన్నాను. చివరికి ఒకరోజు తెల్లారినా ఆ కీచు ఆగలేదు. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా ఉంది. వినికిడి పరీక్ష చేయిస్తే గ్రాఫులో 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు శబ్దాలుండే చోట, గీత గుంటలా దిగిపోయింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు పోతే మళ్లీ రావని డాక్టర్ చెప్పారు.

కిందటిసారి వచ్చినప్పుడు నీ ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి, "డ్రమ్ముల దగ్గరి ఆ ఇత్తడి పళ్లెం, సింబల్, ఎంత సన్నగా మోగుతోందో విను మామయ్యా" అన్నావు, గుర్తుందా? తల ఊపాను. అబద్ధం తల్లీ. డ్రమ్ము దెబ్బ వినపడింది. దాని వెనక వెండిపొడి రాలినట్టుండే ఆ సవ్వడి నాకు లేదు. ఒకప్పుడు ఆ చప్పుడు కోసమే టేపు వెనక్కి తిప్పి తిప్పి వినేవాణ్ణి.

నువ్వూ మొండిదానివి, చెబితే వినవు. ఇది మాత్రం విను. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వాల్యూమ్ పెట్టుకో, బస్సెక్కాక ముట్టుకోకు. బయటి రొదని ఆపే ఇయర్‌ఫోన్లు కొనుక్కో, డబ్బు నేనిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి పెంచితే 4 గంటలే. చెవి ఒక్కసారి కీచుమన్నా ఆపేసి, మీ అమ్మకి చెప్పకపోయినా నాకు చెప్పు. తిట్టను.

ఆ వాక్‌మన్‌కి ఇద్దరు వినడానికి రెండు ఇయర్‌ఫోన్ రంధ్రాలున్నాయి. నారింజ రంగు బటన్ నొక్కితే పాట తగ్గి, పక్కవాళ్ల మాట వినిపిస్తుంది. బాగుపడ్డాక తీసుకురా. సింబల్ వచ్చిన చోటల్లా ఆ బటన్ నొక్కి నాకు చెబుదువుగాని.

మీ మామయ్య