మిరప కోతలకొచ్చిన కోయ పిల్లలతో సాయంత్రం గంట ఎలా నడపాలి?

గుంటూరు పక్క ఊళ్ళో కోతలకొచ్చిన ఛత్తీస్‌గఢ్ ముఠాల పిల్లలకు భయం పోయేలా ఏం చేయొచ్చని అడిగారు.

ముందు, "మీ ఊళ్ళో ఏం జరిగింది?" అని మాత్రం అడక్కండి. 2005లో సల్వాజుడుం (మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ ముఠాలు) మొదలయ్యాక, ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బస్తర్ వదిలి ఇటువైపు అడవుల్లోకి వచ్చిన కుటుంబాలు వీళ్ళలో ఉండొచ్చు, ఉత్త కూలికొచ్చినవాళ్ళూ ఉండొచ్చు. ఎవరెవరో తేల్చే పని మీది కాదు. తవ్వి చెప్పిస్తే పుండు రేగుతుంది. పిల్లాడు తనంతట తను చెబితే వినండి, ఫోన్ మాత్రం జేబులోనే ఉండాలి.

పనిచేసేది రోజూ ఒకేలా జరగడమే. అదే చెట్టు, అదే సాయంత్రం 5 గంటల వేళ, అవే మొహాలు. ఇరవై మందికి కనీసం ఇద్దరు పెద్దలు. ముఠాలో తెలుగు, కోయ రెండూ వచ్చిన ఆడమనిషి ఉంటే ఆమెను కలుపుకోండి, కానీ ఆ గంట కూలి మీరే ఇవ్వాలి. మొదలూ చివరా ఒకే పాట, వాళ్ళదైతే మరీ మంచిది. మధ్యలో అరగంట ఆట, తర్వాత బొమ్మలు. కల్లం దగ్గర పెట్టారో, ఘాటుకు దగ్గడమే సరిపోతుంది.

బొమ్మలకు ముందు చేతులు. మిరప తాకిన చేతికి కాస్త నూనె రాసి, ఆపైన సబ్బుతో కడిగించండి. ఉత్త నీళ్ళకు ఆ కారం వదలదు. అదే చేత్తో కన్ను నలిపారా, ఆ రోజు ఆట అయిపోయినట్టే. తుపాకీ గీసినా అర్థాలు తీయకండి.

పెళ్ళి ఊరేగింపులో టపాసులుంటే ముందే చెప్పి ఉంచండి. యూనిఫాంలో ఉన్నవాళ్ళను అతిథులుగా పిలవద్దు. ఫ్లెక్సీ లేకుండా మంచి పని జరగదా ఏంటి!

పక్క తడపడం, నిద్రలో ఉలిక్కిపడడం కొన్నాళ్ళు ఉంటాయి, తిట్టొద్దని తల్లికి చెప్పండి. నెల దాటినా తగ్గక తిండీ ఆటా మానేస్తే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి, కోయ భాష వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని. తనను తాను గాయపరచుకుంటున్నా, చచ్చిపోతానన్నా నెల ఆగకండి, అదే రోజు తీసుకెళ్ళండి. ఫోన్‌లో సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ఎవరైనా పిల్లల్ని హింసిస్తున్నారని అనుమానమొస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. టీసీ లేదని బడి వెనక్కి పంపితే, విద్యాహక్కు చట్టం దానికి ఒప్పుకోదని చెప్పండి.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, మార్చిలో పరీక్షలొచ్చి కాలేజీ వాలంటీర్లు చెప్పకుండా మానేస్తారు. అప్పటికే ఒక ఊరు పోగొట్టుకున్న పిల్లలకు అది ఇంకో మాయమవడం. కోతలయ్యేదాకా ఉండగలిగినవాళ్ళనే తీసుకోండి. ముఠా వెళ్ళే తేదీ మేస్త్రీని ముందే అడిగి, ఇంకెన్ని సాయంత్రాలున్నాయో పిల్లలతో రోజూ లెక్కపెట్టించండి.